ముందు చక్రముల బండియా, వెనుక చక్రముల బండియా?



మన అనంతపురపు సీమలో ఎద్దులను కొనఁబోవు రైతు సంతలో తొందరపడఁడు. పండ్లు చూచును, సుడులు చూచును, నాలుగడుగులు నడపించి గిట్టల పోకడ చూచును. ఇన్నియుఁ జూచిన పిదప తన్నుఁదానే యొక ప్రశ్న యడుగుకొనును: నాకుఁ గావలసినది మడకకుఁ గట్టెడి యెద్దా, బండి పరుగునకుఁ గట్టెడి యెద్దా? ఈ ప్రశ్నకు బదులు తెలియకుండ బేరమాడినవానికి ఎంత మేలిజాతి యెద్దు దొరకినను ఇంటికిఁ బోయిన పిమ్మట చింతయే మిగులును. నేఁడు సంతలలో ఎద్దులు తగ్గినవి. ఆ ప్రశ్న మాత్రము తగ్గలేదు; అది కార్ల యంగళ్ళలోనికిఁ బోయి కూర్చున్నది.

చిన్నదై, నలుగురైదుగురు కూర్చుండఁదగినదై, పరుగునందును చుఱుకైన కారును గొనవలయునా? లేక ఇరువురికి మాత్రమే చోటుండి, వెనుక చక్రములచేఁ ద్రోయఁబడుచుఁ బోయెడి పరుగుబండిని గొనవలయునా? ఇదియే నేఁటి ప్రసంగవిషయము. తెలుఁగు వ్యాకరణము చెప్పుకొని బ్రదికిన ముసలివాని కిందేమి పని యని మీకుఁ దోఁపవచ్చును. మా కదిరి ప్రాంతమున బడిపంతులును 'అయ్యవా'రందురు. చదువు ముగిసిన ముప్పదియేండ్లకైనను శిష్యులు అయ్యవారి నడుగుట మానరు. ఉద్యోగము, పెండ్లి, ఇంటిస్థలము, బోరుబావి, అన్నియు నడుగుదురు. ఇప్పుడు కార్లును వానిలోఁ జేరినవి. అడిగినప్పుడు తెలిసికొని చెప్పుట నా వృత్తిధర్మము.

మొదట నీ 'ముందు', 'వెనుక' యను మాటల యర్థమును విచారింతము. ఎడ్లబండి ముందునుండి లాగఁబడును. ఫాల్గుణమాసమున మా ఊర లక్ష్మీనరసింహస్వామి రథోత్సవము జరుగునపుడు మోకులు పట్టిన భక్తులు ముందుండియే రథమును లాగుదురు. చెఱకుబండి బురదలో దిగఁబడినపుడు నలుగురు చేరి వెనుకనుండి భుజములొడ్డి త్రోయుదురు. కారునందును ఈ రెండు విధములే కలవు. యంత్రబలము ముందు చక్రములకుఁ జేరినచో కారు లాగఁబడును; వెనుక చక్రములకుఁ జేరినచో త్రోయఁబడును. నాలుగింటికిని బలము చేరు విధము మూఁడవది. అది నేఁటి ప్రశ్నలో లేదు.

మా బాల్యమున మన దేశమునఁ గారనఁగా వెనుక చక్రముల కారే. ఉత్తరపారాలో తయారై 2014 వఱకు వచ్చిన అంబాసిడరు, బొంబాయి పద్మిని, మద్రాసులో తయారైన స్టాండర్డు హెరాల్డు, ఈ మూఁడును వెనుకనుండి త్రోయఁబడినవే. వానిలో యంత్రము ముందుండును. ఒక పొడుగాటి ఇనుపకడ్డీ కారు నడుమునుండి పోయి వెనుక ఇరుసును ద్రిప్పును. ఆ కడ్డీకిఁ జోటిచ్చుటకై నేల నడుమ నొక గట్టు లేచి యుండును. వెనుక సీటున నడుమఁ గూర్చున్న పిల్లవాఁడు కాళ్ళు రెండుప్రక్కలఁ జాఁపుకొని బాధపడుట మీలోఁ బెద్దలకు జ్ఞప్తి యుండును. 1983 డిసెంబరు 14వ తేదీని మారుతి 800 జనుల చేతికి వచ్చుటతో ఈ తీరు మాఱినది. దానియందు యంత్రము అడ్డముగా నమర్చఁబడి ముందు చక్రములనే త్రిప్పును. కడ్డీ పోయినది, గట్టు పోయినది, చిన్న కారులోఁ జోటు పెరిగినది. నేఁడు మన జిల్లాలోనే, పెనుకొండ చెంత ఎఱ్ఱమంచిలోఁ గియా కర్మాగారమున 2019లో మొదట వెలువడిన సెల్టోసు కూడ ముందు చక్రములచే లాగఁబడునదే.

ఈ యుపాయమునకుఁ బ్రసిద్ధి తెచ్చినది 1959లో ఇంగ్లండున వెలువడిన మినీ. అలెక్ ఇసిగోనిస్ అను శిల్పి దానిని పదియడుగుల పొడవులో నలుగురు కూర్చుండునట్లు కూర్చెను. సంసారమునకై పుట్టిన ఆ బుడుతబండికిఁ గొంత బలము చేర్చఁగా, అది 1964, 1965, 1967 సంవత్సరములలో మాంటీకార్లో ర్యాలీయందు పెద్ద కార్లను గెలిచినది. సంసారపు బండికి పరుగు రాదను మాట అంతటితోఁ దీఱినది. 1976లో జర్మనీనుండి విక్రయమునకు వచ్చిన గోల్ఫ్ జి.టి.ఐ. 110 గుఱ్ఱముల బలముతో ఆ త్రోవనే పెంచినది. మన దేశమున 2021లో వచ్చిన హ్యుందాయ్ ఐ-20 ఎన్ లైన్ ఈ వంశములోనిదే: 120 గుఱ్ఱముల బలము, నాలుగు మీటర్లకు అయిదు మిల్లీమీటర్లు మాత్రమే తక్కువైన పొడవు, అయిదుగురికిఁ జోటు, వెనుక 311 లీటర్ల సామానుపెట్టె.

ఇఁక రెండవ వంశమునకు నేఁటికాలపు ఉదాహరణము మాజ్డా వారి ఎం.ఎక్స్.-5. 1989లో వెలువడిన యా జపాను బండి 2016 నాఁటికిఁ బదిలక్షలు పూర్తియయ్యెను. ఇద్దఱికే చోటు, టన్నుకు అటునిటుగా బరువు, ఆ బరువు ముందు వెనుకలకు ఇంచుమించు సమముగాఁ బంచఁబడినది. మొదటి బండ్ల యంత్రబలము ఇంచుమించు 115 గుఱ్ఱములు మాత్రమే. అనఁగా బలమున నీ రెండు వంశములకు నెక్కువ భేదము లేదు. భేదమంతయు ఆ బలమేయిరుసునకుఁ బోవుననుటలో నున్నది. ఆ బండిని మన దేశమున దాని కంపెనీవారు ఎన్నఁడును విక్రయింపలేదు. కనుక మన పడుచువాండ్రు ఈ కోరిక తీర్చుకొనవలెనన్న సాధారణముగా బెంగుళూరు, హైదరాబాదు నగరములలో పాతపడిన వేఱు జాతి పరుగుబండ్లను వెదకుదురు.

ఇరుసు భేదముచేఁ గలుగు ఫలమేమి? రోడ్డును అంటిపట్టుకొనునది టైరు. దాని పట్టునకొక మేర కలదు. ఉదయము మడకకును, సాయంకాలము కపిలెకును ఒకే యెద్దును గట్టినచో రెండుపనులును గుంటుపడును. ముందు చక్రముల బండిలో ముందు టైర్లకు లాగుపని, మలుపుపని, రెండును గలవు. మలుపునందు యాక్సిలరేటరును గట్టిగాఁ ద్రొక్కినచో ఆ టైర్లు మలుపుపనిని విడిచి, బండి వెలుపలివైపునకు సాగును. అప్పుడు కాలు మెల్లగాఁ దీసినఁ జాలును, చాలవఱకు బండి తిరిగి దారికి వచ్చును. వెనుక చక్రముల బండిలో పనులు పంచఁబడినవి: ముందువి త్రిప్పును, వెనుకవి త్రోయును. వేగము పెంచునపుడు బరువు వెనుకకు వాలును గనుక త్రోయు చక్రములకుఁ బట్టు హెచ్చును. చేతిలోని చక్రమునందు యంత్రపు టీడ్పు లేక రోడ్డు స్పష్టముగాఁ దెలియును. నడపుట యెఱిఁగినవారు దీనినే ఆనందమందురు. అది యబద్ధము కాదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేనుసాగరపు టొడ్డున జరిగిన విద్యుత్కార్ల పందెములోని బండ్లనుగూడ ముందునకు నడిపినవి వెనుక చక్రములే.

అయితే తడినేలమీఁద తొందరపడి త్రొక్కినపుడు ఈ వెనుక చక్రములే ప్రక్కకు జాఱును. బండి తోఁక ముందునకు వచ్చుటకుఁ జూచును. భయపడి చటుక్కునఁ గాలు తీసినచో, బరువు ముందునకు వాలి, జాఱుట ఇంకను హెచ్చును. ఇచ్చట సహజముగాఁ దోఁచు పనియే తప్పుపనియగును. అందుచే నీ బండి గురువు లేక నేర్చుకొనఁదగిన విద్య గాదు. ఇటీవలి కార్లలోఁ జక్రము జాఱఁగనే తానే బ్రేకు వేసి నిలుపు విద్యుత్సాధనము కలదు. పాతబండిలో నది యుండవచ్చును, ఉండకపోవచ్చును. కొనువాఁడు మొదట నడుగవలసినది దానిని గూర్చియే.

ఇఁక మన నేలను జూతము. అనంతపురపు సీమలో ఏడాదికిఁ బడు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వాన తక్కువ కదా, తడిరోడ్డు భయమేల యని కొంద ఱనుకొందురు. నెలల తరబడి వాన లేని రోడ్డుమీఁద దుమ్మును, టైర్ల పొడియు, నూనెబొట్లును బేరుకొనును. తొలకరి చినుకులు పడఁగనే యదియంతయు జిగురై, రోడ్డు సబ్బుపలక వలె నగును. గట్టివాన యొకటి కడిగిన పిదపనే నేల పట్టుదొరకును. వానలు కొలఁదియైన సీమకు ఆ మొదటి యరగంటయే గండము. అంతియ కాదు, ఉలవ, రాగి పంటలు వచ్చు దినములలో పల్లెలయొద్ద తారురోడ్డే కళ్ళము. గుత్తులు పఱచిన మలుపులో వెనుక చక్రముల బండి యెట్లు ప్రవర్తించునో యూహింపవచ్చును.

వేగనిరోధకముల మాట యొకటి కలదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారి కొలతప్రకారము దిబ్బ యెత్తు పది సెంటీమీటర్లు, అడ్డపు వెడల్పు 3.7 మీటర్లు ఉండవలయును. అట్టి వాలుదిబ్బమీఁదఁ బరుగుబండియు మెల్లగా దాఁటఁగలదు. పల్లెలలో ఎవరి యింటి ముందు వారు పోసికొన్న దిబ్బ కీ కొలత తెలియదు. నేలకుఁ బదుమూఁడు, పదునాలుగు సెంటీమీటర్ల యెత్తున నున్న బండి పొట్ట దానిమీఁద నొఱయక మానదు. జాతీయరహదారి 42 మీఁద అనంతపురమునకో మదనపల్లెకో పోవునపు డీ చిక్కు లేదు. రహదారి విడిచి ఊరిలోనికిఁ దిరిగిన తోడనే చిక్కు మొదలగును. మన యిండ్లు ఊళ్ళలోనే కదా యున్నవి.

సొమ్ము విషయమున మూఁడు మాటలు. వేఱు రాష్ట్రమున రిజిస్టరైన బండిని పండ్రెండు నెలలకు మించి మన రాష్ట్రమున నుంచుకొన్నచో నిచ్చటి గుర్తును బొందవలెనని 1988 నాఁటి మోటారు వాహనముల చట్టము 47వ సెక్షను చెప్పుచున్నది. దానికి అచ్చటి అధికారుల నిరభ్యంతరపత్రమును, ఇచ్చటి పన్నును గావలయును. పాతబండి వెలలో నీ లెక్క కలుపక బేరమాడువారు పెక్కుమంది. రెండవది: నాలుగు మీటర్లకు మించక, పెట్రోలు యంత్రము 1200 సి.సి.కి లోఁబడిన క్రొత్తకారునకు 2025 సెప్టెంబరు 22 మొదలు జి.ఎస్.టి. నూటికిఁ బదునెనిమిది, పెద్దవానికి నలువది. చిన్నకారు చౌక యగుటకు నీ చట్టమును గొంత కారణము. మూఁడవది టైరు. టైరు ప్రక్కగోడమీఁద నాలుగంకెలుండును. 2319 అని యున్నచో నది 2019వ సంవత్సరమున 23వ వారమునఁ జేయఁబడినదని యర్థము. వేడుకకు మాత్రమే తీసిన పరుగుబండికి టైరు గాఁడులు క్రొత్తవివలె నుండును, రబ్బరు మాత్రము మన యెండకు రాయి యగును. గాఁడులు చూచి మోసపోక అంకెలు చూడుఁడు.

ఈ మాటలన్నియు నాకుఁ బనిపడినది ఒక శిష్యుని మూలమున. ఆతఁడు బెంగుళూరున నుద్యోగము చేయుచున్నాఁడు. తండ్రి వేరుసెనగ పండించు రైతు. మూఁడు బోర్లలో రెండెండిపోయినవాఁడు. తల్లికి మోఁకాళ్ళనొప్పులు. కుఱ్ఱవాఁడు పక్షమున కొకసారి గోరంట్ల మీఁదుగా ఇంటికి వచ్చును. అయిదేండ్లు కూడఁబెట్టిన సొమ్ముతోఁ గొనఁదగిన బండ్లు రెండు చూచుకొనెను: ఒకటి పైనఁ జెప్పిన జాతి క్రొత్త చిన్నకారు, రెండవది ఇద్దఱు కూర్చుండెడి, వెనుక చక్రముల పాత పరుగుబండి. వెలలు ఇంచుమించు సమము. తండ్రి యొకటే యడిగెను: "దీనిలో మీయమ్మ యెక్కడఁ గూర్చుండునురా?" తల్లి వెంటనే యడ్డుపడి, "నాకు బస్సున్నది. వాఁడు చిన్ననాఁటినుండి యేమియు నడిగినవాఁడు కాఁడు, వాని మనసైనదే కొననిండు" అనెను. కుఱ్ఱవాని కామాట అనుమతి వలెఁ దోఁచినది. నాకట్లు తోఁపలేదు. తల్లి తన యవసరమును మానుకొందుననుట, ఆ యవసరము లేదనుట కాదు.

నే నాతనికిఁ దీర్పు చెప్పలేదు. ఒక నోటుపుస్తకము కొని, మూఁడు నెలలు తాను అద్దెకారున, బస్సున, స్నేహితుల బండ్లలోఁ జేసిన ప్రతి పయనమును వ్రాయుమంటిని: ఎవరు కూర్చుండిరి, ఏమి మోసితిరి, ఏ రోడ్డు, ఏ వేళ. ఆతఁడు నిజాయితీగా వ్రాసెను. పయనములలోఁ బెక్కింటఁ దల్లి యాసుపత్రియో, వేరుసెనగ విత్తనపు మూటలో, పెండ్లికిఁ బోవు బంధువులో యుండిరి. ఒక్క పుటయందు మాత్రము, తెల్లవాఱుజామున నొంటరిగా స్నేహితుని బండిలో హార్సిలీ కొండ యెక్కిన వైనము వ్రాసి యుండెను. మిగిలిన పుటలన్నియు లెక్కలవలె నుండఁగా, ఆ యొక్క పుట కవిత్వము వలె నున్నది. నేను రెండింటిని జూచితిని. లెక్కల పుటలు ఎక్కువ యని ఆ పుటను జింపివేయుమనుట న్యాయము గాదు. ధర్మమునకును, అర్థమునకును అడ్డురాని కోరికను మన పెద్దలు పురుషార్థములలోనే చేర్చిరి. అయితే అది యడ్డురాకుండ నుండవలయుననుట అందలి షరతు.

భారతమునఁ గల నలోపాఖ్యానము మీకుఁ దెలిసినదే. ఒక్క దినములో విదర్భ చేరవలెనని ఋతుపర్ణుఁడు కోరఁగా, బాహుకుని వేషమున నున్న నలుఁడు చిక్కిన గుఱ్ఱములను ఏఱెను. రాజు సందేహించెను. నలుఁడు చూపునకుఁ గాక జాతిలక్షణమునకును, పనికిని దగినవానిని ఏర్పఱచెను. ఆ రథము పరుగెత్తఁగా రాజు ఉత్తరీయము జాఱినది. ఆపుమనునంతలో నది యోజనము వెనుకఁబడినది. ఆ వేగము సారథి విద్యలోనిది. సంస్కృతమున 'అక్ష'మను పదమునకు ఇరుసనియుఁ బాచికయనియు రెండర్థములు కలవు. నలుఁడు పాచికలచే రాజ్యము పోఁగొట్టుకొని, రథవిద్యచేఁ దిరిగి నిలద్రొక్కుకొన్నవాఁడు. ఇరుసును ఎన్నుకొనుట పాచిక వేయుట కాకుండవలెనన్నచో విద్య ముందు రావలయును.

కావున నా శిష్యునకు నేఁ జెప్పిన మాట యిది. నీ యింటికి ఒకే బండి యగునంతవఱకు నలుగురు కూర్చుండు చిన్నకారే తగినది. దానిలో నీ వేడుకకుఁ గొఱఁతలేదు; 120 గుఱ్ఱములు సారథి చేతిలోఁ దక్కువ కావు. వెనుక చక్రముల విద్యపై మనసున్నచో చెన్నపట్టణము చెంత ఇరుంగాట్టుకోట్టయందు 1990 నుండి నున్న మూఁడు కిలోమీటర్ల పైచిలుకు పందెపు బాటవంటి చోట, శిక్షకుల యెదుట నేర్చుకొనుము. ఎదురుగా ఎడ్లబండియు, బడిపిల్లవాఁడును రాని చోటది. ఇంటి బండి వేఱుగ నుండి, అప్పులేక, నేర్చిన చేయి యున్న దినమున ఇద్దఱి బండి కొనుము; నేనే వచ్చి రెండవ సీటునఁ గూర్చుందును. ఆతఁడు నవ్వి చిన్నకారు కొనెను. తల్లి ముందు సీటున నెక్కుటకు సీటు ఎత్తు చాలినదని తరువాతఁ జెప్పెను.

శ్రోతలలోఁ గారుకొనఁదలఁచిన పడుచువాండ్రుందురు. మీరు అంగడికిఁ బోవుటకు ముందు ప్రశ్నలు మూఁడు వ్రాసికొనుఁడు. ఈ బండిలో కూర్చుండవలసినవారిలో నోరు తెఱచి యడుగనివా రెవరు? ఈ బండి మా ఊరి చివరి రోడ్డుమీఁద, తొలకరి వానలో, నాచే నిలుపఁబడునా? కొన్న వెల గాక, ఏటేట దానిని నిలుపుటకగు సొమ్ము ఏ పంటనుండి, ఏ జీతమునుండి వచ్చును? ఈ మూఁటికిని సరియైన బదులు దొరకినచో, ఇరుసు ముందుదైనను వెనుకదైనను నిశ్చింతగాఁ గొనుఁడు. తలిదండ్రులకును ఒక మనవి: పిల్లవాని వేడుకను దుబారా యని కొట్టివేయక, నోటుపుస్తకము తెచ్చి వానిచేతికిండు. లెక్క వాఁడే వేసికొనును.